అను నుంచి యూనికోడ్‌కు మారాలా? ఒక డీటీపీ షాపు అనుభవం

అచ్చంపేట నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్నకు ఇది నా జవాబు. ఆయనకు జిరాక్స్, డీటీపీ షాపు ఉంది. 9 ఏళ్లుగా పేజ్‌మేకర్‌ అనే పేజీలు పెట్టే పాత సాఫ్ట్‌వేర్‌లో, డీటీపీ షాపుల్లో వాడే అను తెలుగు ఫాంట్లతో పని చేస్తున్నారు. ఇప్పుడు ఒక స్కూలు వాళ్లు తమ వార్షిక సంచిక మేటరంతా యూనికోడ్‌లోనే, అంటే ఏ కంప్యూటర్‌లోనైనా, ఏ ఫోన్‌లోనైనా చదవగలిగే తెలుగులోనే కావాలన్నారట. "అను వదిలేసి యూనికోడ్‌కు మారాలా? మారితే నా స్పీడు ఏమవుతుంది? 9 ఏళ్ల ఫైళ్లు ఏం చేసుకోవాలి?" అని అడిగారు.

ముందు సూటిగా చెప్తాను. మారండి, కానీ అను తీసేయకండి. కొత్త కీబోర్డు చేతికి అలవాటయ్యాక కొత్తగా కొట్టే ప్రతి మాటా యూనికోడ్‌లో కొట్టండి. పాత ఫైళ్లు తెరవడానికి, పెండ్లి కార్డుల హెడ్డింగులకు అనును అట్లాగే ఉంచుకోండి. స్పీడు నెల, నెలన్నర తగ్గుతుంది, తర్వాత తిరిగి వస్తుంది. పాత ఫైళ్లన్నీ కూర్చొని మార్చాల్సిన పని లేదు. ఎవరైనా అడిగినప్పుడు, అడిగిన ఫైలు ఒక్కటే మార్చుకుంటే చాలు.

ఇక వివరంగా.

నల్లగొండలో గడియారం సెంటర్‌కు దగ్గర్లో మాకు 2003 నుంచి షాపు ఉంది. ఫ్లెక్సీలు, బైండింగు మా ఆయన చూసుకుంటారు, తెలుగు మేటరంతా నాదే. పెండ్లి కార్డులు, పాంప్లెట్లు, స్కూలు ప్రశ్నపత్రాలు, సోమవారం వచ్చిందంటే కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలో ఇచ్చుకునే దరఖాస్తులు. 1998లో ఇంటర్ సెలవుల్లో ఇన్‌స్టిట్యూట్‌కు పోయి తెలుగు టైపురైటర్ నేర్చుకుని లోయర్ గ్రేడ్ పరీక్ష పాసయ్యాను. షాపు పెట్టాక అను నేర్చుకున్నాను. 2017లో యూనికోడ్‌కు వచ్చాను. నా వేళ్లు ఇప్పటికి మూడు కీబోర్డులు చూశాయి. అలవాటైన చేతిని మార్చుకోవాలంటే ఎంత భయం వేస్తుందో నాకు తెలుసు. గిరాకీ ఎదురుగా నిలబడి ఉన్నప్పుడు అక్షరం ఎక్కడుందో వెతుక్కోవడం కన్నా కష్టం ఇంకోటి లేదు.

అసలు తేడా ఏంటో ముందు చెప్పాలి. ఇది అర్థమైతే మిగతా ఇబ్బందులన్నీ ఎందుకొస్తున్నాయో మీకే తెలిసిపోతుంది.

అను ఫైల్లో కంప్యూటర్ దాచుకునేది తెలుగు కాదు. ఇంగ్లిషు అక్షరాల, గుర్తుల నంబర్లను దాచుకుంటుంది. వాటి మీద అను ఫాంటు తెలుగు బొమ్మలు వేసి చూపిస్తుంది. పాత పద్ధతి ఫాంటులో 256 గదులే ఉండేవి. మన అచ్చులు, హల్లులు, గుణింతాలు, ఒత్తులు అన్నీ కలిపితే ఆ గదులు ఎక్కడ సరిపోతాయి? అందుకే అక్షరాన్ని ముక్కలు చేసి, తలకట్టు ఒక గదిలో, కొమ్ము ఒక గదిలో, ఒత్తు ఇంకో గదిలో పెట్టారు. ఆ రోజుల్లో వేరే దారి లేదు. ఆ ఫాంట్లు తయారు చేసినవాళ్ల మీద నాకు చాలా గౌరవం, మా ఇల్లు గడిచింది వాటితోనే. కానీ ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో మీ ఫైలు తెరిస్తే డాలర్ గుర్తులు, కొక్కేలు, ఇంగ్లిషు ముక్కలు తప్ప ఏమీ కనిపించవు. అప్పుడు కనిపించేదే ఆ ఫైల్లో నిజంగా ఉన్నది.

యూనికోడ్‌లో ప్రతి తెలుగు అక్షరానికి దానిదే అయిన నంబరు ఉంటుంది. 'అ'కు 3077, 'క'కు 3093, పొల్లుకు 3149. ఏ కంప్యూటర్ అయినా, ఏ ఫోన్ అయినా అదే నంబరు. ఫాంటు మారిస్తే అక్షరం రూపం మారుతుంది గానీ అక్షరం మారదు. 1991లో వచ్చిన మొదటి యూనికోడ్ వెర్షన్‌లోనే తెలుగు ఉంది. మన షాపుల దాకా రావడానికి మాత్రం చాలా ఏళ్లు పట్టింది. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చినా, మనం వాడే పేజ్‌మేకర్‌కు యూనికోడ్ రాదు కాబట్టి ఎవరం పట్టించుకోలేదు. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. తర్వాత దానికి కొత్త వెర్షన్ రాలేదు. మన షాపులు చాలా ఇంకా దాని మీదే నడుస్తున్నాయి.

నేను మారింది టెక్నాలజీ మీద మోజుతో కాదు. ఒక పెద్దాయన వల్ల మారాను.

మా షాపుకు ఒక రిటైర్డ్ తెలుగు సారు వచ్చేవారు. షుగర్ వల్ల చూపు దాదాపు పోయింది. వాళ్ల ఊరి చెరువులు, గుళ్లు, పాత మనుషుల గురించి ఆయన చెబుతుంటే నేను టైపు చేసేదాన్ని. 40 పేజీలు అయ్యాయి. పీడీఎఫ్ చేసి ఆయన ఫోన్‌కు పంపాను. ఆ ఫోన్‌లో టాక్‌బ్యాక్ పెట్టుకున్నారు, స్క్రీన్ మీద ఉన్నది అది చదివి వినిపిస్తుంది. మర్నాడు వచ్చి "అమ్మా, నువ్వు పంపింది నా ఫోన్ చదవట్లేదు, ఏదో ఇంగ్లిషులో గొణుగుతోంది" అన్నారు. అను మేటర్ కదా, దానికి కనిపించేది ఆ డాలర్లూ కొక్కేలే. ఆయన 40 పేజీలు ఆయనే చదువుకోలేకపోయారు. రాత్రిళ్లు కూర్చొని, కొత్త కీబోర్డు అప్పుడప్పుడే నేర్చుకుంటూ, ఆ 40 పేజీలు యూనికోడ్‌లో మళ్లీ కొట్టాను. రెండు వారాలు పట్టింది. పంపిన సాయంత్రమే ఫోన్ చేశారు. 12వ పేజీలో తూము అని ఉండాల్సిన చోట తుమ్ము అని పడిందట. విని పట్టుకున్నారు. ఆ తప్పు సరిచేస్తుంటే నాకు కలిగిన సంతోషం మామూలుది కాదు. ఆ రోజు నుంచి కొత్త మేటర్ అనులో కొట్టలేదు.

రోజువారీ పనిలో లాభాలు వేరే ఉన్నాయి. పోయిన ఏడాది పింఛన్ దరఖాస్తు రాయించుకున్న ముసలమ్మ మళ్లీ వస్తుంది. "అప్పుడు రాసిందే మళ్లీ కావాలి బిడ్డా" అంటుంది. తారీఖు తెలియదు, ఏ సోమవారమో తెలియదు. అనులో అయితే వందల ఫైళ్లు ఒక్కొక్కటే తెరిచి చూడాలి. ఇప్పుడు ఆమె పేరు, ఊరి పేరు తెలుగులోనే కొట్టి వెతుకుతాను, నిమిషంలో దొరుకుతుంది. ఫైలు పేర్లు కూడా తెలుగులోనే పెట్టుకోవచ్చు. ఇక మీ పాలమూరు వైపు బయటి రాష్ట్రాలకు, గల్ఫ్‌కు పనికి పోయినవాళ్లు ఎక్కువ కదా. పెండ్లి కార్డు ప్రూఫ్ వాట్సాప్‌లో మేటర్‌గానే పంపితే, పెండ్లికొడుకు అన్న అక్కడి నుంచే తప్పు దిద్ది పంపుతాడు. దాన్ని కాపీ చేసుకుంటే సరిపోతుంది, మళ్లీ కొట్టక్కర్లేదు. అటు నుంచి కూడా అంతే. ఇప్పుడు గిరాకీలు మేటర్‌ను కాగితం మీద తేవడం తగ్గింది, ఫోన్‌లో మెసేజ్‌గా తెస్తున్నారు. అదంతా యూనికోడే. దాన్ని చూస్తూ అనులో మళ్లీ కొట్టడం ఎంత వృథా పనో ఆలోచించండి.

ఇప్పుడు స్పీడు సంగతి. మూడు దారులున్నాయి, మూడూ వాడి చూశాను.

ఇంగ్లిషు అక్షరాలతో కొడితే తెలుగు వచ్చే పద్ధతి ఒకటి. లేఖిని వెబ్‌సైటు ఉంది, విండోస్ 10లో 2019 నుంచి తెలుగు ఫోనెటిక్ కీబోర్డు దానితోనే వస్తోంది. కొత్తవాళ్లకు, ఎప్పుడో ఒకసారి రాసేవాళ్లకు ఇది బాగుంటుంది. మీలా రోజూ పేజీలు పేజీలు కొట్టేవాళ్లకు నేను చెప్పను. తెలుగు మాటను మనసులో ఇంగ్లిషు స్పెల్లింగ్‌లోకి మార్చుకుని కొట్టాలి. సాయంత్రానికి చేతుల కన్నా తల ఎక్కువ అలసిపోతుంది.

రెండోది మాటతో టైపింగ్. ఫోన్‌లో గూగుల్ కీబోర్డు జీబోర్డ్ పెట్టుకుని మైకు నొక్కి మాట్లాడితే తెలుగు పడుతుంది. గూగుల్ దీన్ని తెలుగుకు 2017లో తెచ్చింది. ఉపన్యాసాలు, పెద్ద వ్యాసాలు ఉన్నప్పుడు నేను వాడతాను. కానీ దరఖాస్తుల్లో వాడకండి. సర్వే నంబర్లు, ఇంటిపేర్లు తప్పు పడతాయి. మన ఊళ్లవాళ్లు మన యాసలో చెబుతుంటే అది దానికి తెలిసిన ఇంకేదో మాటకు మార్చేస్తుంది. గిరాకీ చెప్పింది గిరాకీ మాటల్లోనే ఉండాలి.

మూడోది ఇన్‌స్క్రిప్ట్. మీకు నేను చెప్పేది ఇదే. భారతీయ భాషలన్నిటికీ ఒకే పద్ధతిలో ప్రభుత్వమే తయారు చేయించిన కీబోర్డు ఇది. విండోస్‌లో సెట్టింగ్స్‌కు పోయి భాషల్లో తెలుగు చేర్చుకుంటే వస్తుంది, వేరే సాఫ్ట్‌వేర్ కొనాల్సిన పని లేదు. లినక్స్‌లోనూ ఉంటుంది. విండోస్ కీ, స్పేస్ బార్ కలిపి నొక్కితే ఇంగ్లిషు, తెలుగు మారుతుంటాయి. ఎడమ చేతి వైపు అచ్చులు, గుణింతాలు, కుడి చేతి వైపు హల్లులు ఎక్కువ. ఇంగ్లిషు 'కె' ఉన్నచోట క, షిఫ్ట్‌తో ఖ. 'డి' ఉన్నచోట పొల్లు, షిఫ్ట్‌తో అ. ఒత్తు కావాలంటే ప్రత్యేకంగా వెతకాల్సిన పని లేదు, పొల్లు కొట్టి హల్లు కొడితే అదే ఒత్తుగా మారుతుంది. శ, పొల్లు, ర, ఈత్వం కొడితే శ్రీ. క, పొల్లు, ష కొడితే క్ష. మనం నోటితో పలికే వరసే చేతి వరస. అనులో నుంచి వచ్చినవాళ్లకు మొదట్లో కష్టం ఇక్కడే. అక్షరం ఎట్లా కనిపిస్తుందో ఆలోచించే అలవాటు మానుకుని, ఎట్లా పలుకుతుందో ఆలోచించాలి.

నేను నేర్చుకున్న పద్ధతి చెప్తాను. షాపు తెరవడానికి ముందు అరగంట, మూడు వారాలు, ఊర్ల పేర్లు మాత్రమే కొట్టాను. దేవరకొండ, హాలియా, చండూరు, మిర్యాలగూడ, నకిరేకల్. అవి మనకు రోజూ వచ్చేవే కాబట్టి వేళ్లకు త్వరగా పట్టుబడతాయి. మీరు మీ ఊరితోనే మొదలుపెట్టండి. అ, చ, పొల్లు, చ, సున్న, ప, ఏత్వం, ట. ఎనిమిది సార్లు కొడితే అచ్చంపేట. కల్వకుర్తిలో రెండు ఒత్తులున్నాయి, కొల్లాపూర్‌లో చివర పొల్లు ఉంది. వనపర్తి, గద్వాల, మక్తల్, నారాయణపేట. ఇట్లా పాలమూరు అంతా ఒక చుట్టు వేసేసరికి కీబోర్డంతా వచ్చేస్తుంది. కీల మీద స్టిక్కర్లు అంటించకండి, కళ్లు కిందికే పోతుంటాయి, స్పీడు ఎప్పటికీ రాదు. కీబోర్డు బొమ్మ ఒకటి ప్రింటు తీసి మానిటర్ పక్కన అతికించండి. ఆ మూడు వారాలు గిరాకీ పని మాత్రం అనులోనే చేయండి. నాలుగో వారం నుంచి చిన్న దరఖాస్తులు కొత్త పద్ధతిలో, తర్వాత పెద్దవి. ఒక్క రోజులో మారదామని చూస్తే విసుగొచ్చి వదిలేస్తారు.

మీ జిల్లా పేరులోనే ఒక పాఠం ఉంది. నాగర్‌కర్నూల్ అని మామూలుగా కొడితే 'ర్' కింద 'క' ఒత్తుగా పోయి నాగర్కర్నూల్ అవుతుంది. సాఫ్ట్‌వేర్, వాట్సాప్‌లో, ఫేస్‌బుక్, ఇట్లాంటివన్నీ ఇంతే. పొల్లు తర్వాత అక్షరం కలవకుండా ఆపే ఒక కనిపించని గుర్తు ఉంది, జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. లేఖినిలో 6 అంకె మీదుండే టోపీ గుర్తు కొడితే వస్తుంది. వర్డ్‌లో అయితే 200 పక్కన ఇంగ్లిషు 'సి' కొట్టి, ఆల్ట్, ఎక్స్ కలిపి నొక్కితే వస్తుంది. చాలామంది దీన్ని వదిలేస్తారు, లేదా మధ్యలో స్పేస్ పెడతారు. రెండూ తప్పే. స్పేస్ పెడితే లైను చివర మాట రెండుగా విరుగుతుంది. ఒకసారి గుర్తుతో, ఒకసారి గుర్తు లేకుండా కొడితే చాలాచోట్ల సెర్చ్‌లో అవి రెండు వేర్వేరు మాటలు అవుతాయి. మొదటి నుంచే ఒకే పద్ధతి పెట్టుకోండి.

పాత ఫైళ్లు. ఇక్కడ నేను చేసిన తప్పు మీరు చేయకూడదని కొంచెం ఎక్కువ చెప్తాను.

అను మేటర్‌ను యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. మేటర్ అక్కడ పేస్ట్ చేసి బటన్ నొక్కితే తెలుగు వస్తుంది. అయితే అను వెర్షన్ ఏదో చూసుకోవాలి. ఒక ఊరి బొడ్రాయి పండుగకు చందాలు ఇచ్చినవాళ్ల జాబితా పాంప్లెట్ వేయాల్సి వచ్చింది. పాత జాబితా అనులో ఉంది. వెర్షన్ చూడకుండా కన్వర్టర్‌లో వేశాను. పైపైన చూస్తే బాగానే ఉంది. అచ్చయ్యాక చూస్తే ఎల్లయ్య ఎలయ్య అయ్యాడు, మల్లమ్మ మలమ్మ అయింది, సగం ఒత్తులు ఎగిరిపోయాయి. చందా ఇచ్చిన మనిషి తన పేరు తప్పు పడితే ఎంత బాధపడతాడో ఆ రోజు చూశాను. అన్నీ మా ఖర్చుతో మళ్లీ వేసి ఇచ్చాం. అప్పటి నుంచి కన్వర్టర్‌లో వేసిన మేటర్‌ను ప్రతి పేరూ, ప్రతి ఒత్తూ పాత ప్రింటుతో కలిపి చూడకుండా బయటికి ఇవ్వను.

ఇంకో చిక్కు ఉంది. ఫైలు మధ్యలో ఇంగ్లిషు మాటలు ఉంటే కన్వర్టర్ వాటిని కూడా తెలుగు అనుకుని మార్చేస్తుంది. ముందే చెప్పాను కదా, అను ఫైల్లో ఉన్నదంతా ఇంగ్లిషు నంబర్లే. ఏది నిజంగా ఇంగ్లిషో, ఏది తెలుగు వేషంలో ఉన్న ఇంగ్లిషో దానికెట్లా తెలుస్తుంది? అందుకని ఇంగ్లిషు మాటలు, ఈమెయిల్ అడ్రసులు ముందే తీసి పక్కన పెట్టుకుని, మార్చాక మళ్లీ చేర్చండి.

ఫైలు పోయి ప్రింటు మాత్రమే ఉన్నా, కన్వర్టర్ సరిగ్గా పనిచేయకపోయినా ఇంకో దారి ఉంది. పేజీని 300 డీపీఐ స్పష్టతతో స్కాన్ చేసి జేపీజీ బొమ్మగా చేసి గూగుల్ డ్రైవ్‌లో ఎక్కించండి. దాని మీద రైట్ క్లిక్ చేసి గూగుల్ డాక్స్‌తో తెరవండి. బొమ్మ కింద మేటరంతా యూనికోడ్‌లో వస్తుంది. ఖర్చు లేదు. బొమ్మ 2 ఎంబీ లోపు ఉంచుకోండి. రెండు కాలమ్‌ల పేజీ అయితే కాలమ్‌కు ఒక బొమ్మ చేయండి, లేకపోతే ఈ లైనులో సగం, ఆ లైనులో సగం కలిసిపోతాయి. అను పీడీఎఫ్‌ను నేరుగా ఎక్కించకుండా బొమ్మ చేయమన్నది ఎందుకంటే, ఆ పీడీఎఫ్ లోపల పాత డాలర్లు, కొక్కేలు ఉంటాయి, ఒక్కోసారి అవే బయటికొస్తాయి. శుభ్రమైన ప్రింటు అయితే చాలావరకు సరిగ్గానే వస్తుంది. కానీ ద, ధ ఒకటి బదులు ఒకటి పడొచ్చు. ప, వ కూడా. సున్న, అంకె 0 మధ్య తేడా దానికి సరిగ్గా తెలియదు. సర్వే నంబర్లు, ఫోన్ నంబర్లు ఉన్న కాగితాలైతే అంకెలన్నీ చేత్తో మళ్లీ కొట్టండి.

ఎట్లా మార్చినా ప్రూఫ్ చూడటానికి కొత్తగా కొట్టినంతలో సగం టైం పడుతుంది. ఆ కష్టానికి పైసలు అడగడానికి మొహమాటపడకండి. "బటన్ నొక్కితే మారిపోతుంది కదా" అని గిరాకీలు అంటారు. తప్పు పడితే మాట పడేది మనమే.

సాఫ్ట్‌వేర్ ఏది వాడాలి? పేజ్‌మేకర్‌లో యూనికోడ్ కుదరదు, దాని కోసం సమయం పాడుచేసుకోకండి. పాత ఫొటోషాప్‌లో కూడా అంతే, 'క్ర' అని పేస్ట్ చేస్తే క, పొల్లు, ర విడివిడిగా పడతాయి. మేటర్ చెడిపోలేదు, ఆ సాఫ్ట్‌వేర్‌కు ఒత్తులు కలపడం రాదు, అంతే. ఇన్‌డిజైన్ అయితే 2012లో వచ్చిన సీఎస్6 నుంచి భారతీయ భాషలు బాగా పడతాయి, పారాగ్రాఫ్ సెట్టింగుల్లో వరల్డ్ రెడీ కంపోజర్ పెట్టుకోవాలి. కానీ కొత్త వెర్షన్లకు నెలనెలా డబ్బు కట్టాలి. మా షాపులో లిబ్రే ఆఫీస్ రైటర్ వాడుతున్నాం, ఉచితం. 60 పేజీల స్కూలు సంచిక దానిలోనే చేశాను. పేజ్‌మేకర్ లాంటిదే కావాలంటే స్క్రైబస్ ఉంది, అదీ ఉచితమే. 1.6 వెర్షన్, లేదా దాని తర్వాతది తీసుకోండి, పాతవాటిలో తెలుగు విరిగిపోతుంది. పోస్టర్లకు ఇంక్‌స్కేప్‌లో తెలుగు చక్కగా పడుతుంది.

ప్రెస్సుకు ఇచ్చేటప్పుడు పీడీఎఫే ఇవ్వండి, అసలు ఫైలు కాదు. అయితే పీడీఎఫ్ ఒక్కటే దాచుకుని అసలు ఫైలు చెరిపేయొద్దు. యూనికోడ్‌లో చేసినా, పీడీఎఫ్ నుంచి తిరిగి కాపీ చేస్తే తెలుగు గుణింతాలు చాలాసార్లు అటూఇటూ అయిపోతాయి. వచ్చే ఏడాది స్కూలు వాళ్లు అదే మేటర్ మార్చి ఇమ్మంటే మళ్లీ మొదటికొస్తుంది.

ఫాంట్ల విషయంలో మీకు ఒక బెంగ ఉంటుంది, నాకూ ఉండేది. అనులో ఉన్నన్ని రకాలు ఇక్కడ దొరకవని. పెండ్లి కార్డుల మీద మెలికలు తిరిగిన హెడ్డింగు అక్షరాలకు అనుదే ఇప్పటికీ పైచేయి. అందుకే అను తీసేయొద్దన్నాను. మేటరంతా యూనికోడ్‌లో ఉంచుకుని, వధూవరుల పేర్ల వరకు అనులో కొట్టి కర్వ్స్ చేసి, అంటే అక్షరాలను బొమ్మగా మార్చి పెట్టుకోండి. మామూలు పుస్తకాలకు, పాంప్లెట్లకు గూగుల్ ఫాంట్స్‌లో ఉన్న తెలుగు ఫాంట్లు చాలు. డబ్బు కట్టక్కర్లేదు, వ్యాపారానికి వాడుకోవచ్చు. లోపలి మేటర్‌కు నేను నోటో సెరిఫ్ తెలుగు గానీ మండలి గానీ వాడతాను. లావు హెడ్డింగులకు రామభద్ర. లైన్ల మధ్య ఖాళీ కొంచెం ఎక్కువ పెట్టుకోండి, నేను 130 నుంచి 140 శాతం పెడతాను. లేకపోతే పై లైను ఒత్తు కింది లైను గుడి మీద పడుతుంది.

సురవరం అనే ఫాంటు కూడా ఉంది, హెడ్డింగులకే బాగుంటుంది. సురవరం ప్రతాపరెడ్డి గారి పేరు మీద పెట్టారు. మీ పాలమూరు మనిషి, గోలకొండ పత్రిక నడిపినవారు. తెలంగాణలో కవులు లేరన్న మాటకు 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చి జవాబు చెప్పారు. అచ్చంపేట పిల్లల కథలు, కవితలు ఉన్న సంచికకు ఆయన పేరున్న అక్షరాలతో హెడ్డింగులు పెడితే ఎంత బాగుంటుందో చూడండి. పిల్లలకు ఆ పేరు ఎవరిదో కూడా సార్లు చెప్పొచ్చు.

పాత కంప్యూటర్ సంగతి మీరు అడగలేదు గానీ చెప్తాను. పేజ్‌మేకర్, అను ఉన్న పాత సిస్టమ్‌ను ఇంటర్నెట్ నుంచి తీసేసి పక్కన ఉంచండి. పాత విండోస్‌కు సెక్యూరిటీ అప్‌డేట్లు రావు, విండోస్ 10కి కూడా మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. గిరాకీల ఆధార్ కాపీలు, పాస్‌బుక్ కాపీలు ఉండే సిస్టమ్, పెన్‌డ్రైవ్‌లు పెట్టే పాత సిస్టమ్ వేరువేరుగా ఉంటే మంచిది.

ఇక ఇప్పుడు చేతిలో ఉన్న స్కూలు పని. మీకు ఇంకా ఇన్‌స్క్రిప్ట్ రాదు, టైం తక్కువ ఉంటుంది. ఈసారికి మొత్తం మీరే కొట్టాలని పెట్టుకోకండి. టీచర్లను, పెద్ద తరగతుల పిల్లలను ఎవరి మేటర్ వాళ్లు ఫోన్‌లో కొట్టి వాట్సాప్‌లో పంపమనండి, నేను మా సంచికకు అట్లాగే చేయించాను. చేతిరాత కాగితాల్లో చిన్నవి ఫోన్‌లో మాటతో చెప్పి దిద్దుకోండి. పోయిన ఏళ్ల సంచికల నుంచి తీసుకునేవి గూగుల్ డ్రైవ్ పద్ధతిలో తీయండి. మొదట ఒకే ఒక్క పేజీ తయారు చేసి పీడీఎఫ్, దానితోపాటు అసలు ఫైలు స్కూలు వాళ్లకు పంపి, వాళ్ల కంప్యూటర్‌లో సరిగ్గా తెరుచుకుందా, ఒత్తులన్నీ కనిపిస్తున్నాయా అని అడగండి. వాళ్లు సరే అన్నాకే మిగతా పేజీలు సెట్ చేయండి. పిల్లల పేర్ల జాబితా మాత్రం ప్రింటు తీసి, క్లాసుకు పంపి, ప్రతి పిల్లవాడితో తన పేరు పక్కన టిక్కు పెట్టించుకోండి.

ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకునేటప్పుడు ఎక్కడైనా ఆగిపోతే ఇక్కడే రాయండి. పొద్దున షాపు తెరవకముందు చూస్తాను, సోమవారం తప్ప.